నాలుక కింది గోలి

రుమాలు కొసన ముడి ఉంది. ఆ ముడిలో గోలి ఉంది.

ఖాదర్‌బీ దాన్ని చేతిలో ఉంచుకోలేదు, నేల మీదా పెట్టలేదు. ఉతకవలసిన బట్టల కుప్ప మీదే రుమాలు పరిచి, దాన్నే చూస్తూ మంచం కోడుకు ఆనుకుని కూర్చుంది. కూతురు రిజ్వానాను దుకాణానికి పంపి భర్త కరీంను పిలిపించింది. మధ్యాహ్నపు జుహర్ నమాజు అయిపోయిన వేళ. రంజాన్ నెల, పైగా ఎండలు ముదురుతున్న రోజులు. ఇంట్లో నలుగురూ ఉపవాసమే, రోజా ఉన్నవాళ్లే. తెల్లవారకముందు తాగిన నీళ్లతో ఉన్న గొంతులు కొట్లాడుకోవడానికి అంతకంటే చెడ్డ వేళ లేదు.

కరీం వచ్చాడు. హైవే పక్కన లారీల సీట్లు కుట్టే దుకాణం ఆయనది. కొత్తకోట మీదుగా బెంగళూరు పోయే డ్రైవర్లలో సగంమంది తన కుట్టు మీద కూర్చునే పోతారని చెప్పుకుంటాడు. ఎవరూ కాదనరు. దారం ఎక్కించిన దబ్బనం ఇంకా ఆయన చేతిలోనే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో కూడా తోచనంత తొందరగా నడిచి వచ్చాడు.

"ఏడ దొరికింది?"

"వాని ప్యాంటు జేబుల. ఉతుకుదామని తీసిన" అంది ఖాదర్‌బీ.

తెల్లటి చిన్న మాత్ర. ఒక పక్క కరిగి, గుడ్డకు అంటుకుని ఎండిపోయింది. కరీం వంగి వాసన చూశాడు. ఏ వాసనా లేదు. వాసన లేకపోవడం కూడా ఆయనకు అనుమానంగానే తోచింది.

"అమీర్."

లోపలి గదిలోంచి కొడుకు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రుమాలును చూశాడు. తర్వాత ఎవరినీ చూడలేదు.

"ఏందిర ఇది?"

"గోలి."

"గోలి అని నాకు కండ్లున్నయ్. ఏం గోలి?"

"సెంటర్‌ల ఇచ్చేదే, అబ్బా."

"సెంటర్‌ల ఇచ్చేది సెంటర్‌లనే నాలుక కింద పెట్టుకోవాలె, వాండ్ల ముంగట్నే కరగాలె అన్నరు గద. నోట్ల కరిగేది జేబులకెట్ల వచ్చింది?"

అమీర్ కాలి బొటనవేలితో గడపను రాశాడు.

"అడుగుతున్న."

"మగ్రిబ్ దాక, పొద్దు గూకేదాక ఆగుండ్రి అబ్బా. అటెనుక చెప్త. గా రుమాలు ఇటియ్యుండ్రి" అన్నాడు.

ఆ చివరి మాట అనకుండా ఉంటే బాగుండేది. చెయ్యి చాపి అడిగిన తీరు చూసి కరీంకు ఉన్న కొద్ది ఓపికా పోయింది. రుమాలును గుప్పిట్లో నలిపి కమీజు జేబులో కుక్కుకున్నాడు.

"అమ్మేటందుకు తెచ్చినవా?"

"కాదు."

"ఎవనికన్న ఇచ్చేటందుకా?"

"కాదు అబ్బా."

"మరి ఎండబెట్టుకోనీకి తెచ్చినవా?"

రిజ్వానాకు నవ్వు వచ్చేదే, ఇంకో ఇంట్లో అయితే. ఆమె వెళ్లి వంటింటి తలుపు చాటున నిలబడింది. అన్న మీద కోపమో, తండ్రి మీద కోపమో ఆమెకే తెలియలేదు.

సూది అన్న మాట ఈ ఇంట్లో మొన్నటి చలికాలం దాకా అన్నం పెట్టే మాట. సూది మత్తు మాన్పించే సర్కారు సెంటర్ నుంచి గ్రేస్ మొదటిసారి ఈ గుమ్మం ముందుకొచ్చి, "చాచా, మీ పిలగాడు సూది వాడుతున్నడు" అన్నప్పుడు కరీం నవ్వి, "వాడకుంట ఎట్ల బిడ్డా, మాది సూది పనేనాయె. నాకంటె మంచిగ కుడ్తడు వాడు" అన్నాడు. గ్రేస్ తల దించుకుంది. ఆమె చెప్తున్నది నరానికి గుచ్చుకునే సూది అని, హైవే మీది దోస్తులతో కలిసి నొప్పుల మందు ఎక్కించుకునే సూది అని, ఒక్క సూదే అందరి చేతులూ తిరిగిందని ఆయనకు అర్థమయ్యేసరికి చాలాసేపు పట్టింది. ఆనాటి తన నవ్వు గుర్తొస్తే కరీంకు ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి. మనిషి మోసపోయిన దానికంటే, మోసపోతూ నవ్విన దానికే ఎక్కువ కుమిలిపోతాడు.

తర్వాత రక్త పరీక్ష. ఆ సూదుల వల్లే లివర్‌కు పట్టే హెపటైటిస్ అమీర్ రక్తంలోకి వచ్చిందన్నారు. మందు ఉంది, తగ్గుతుంది, కలిసి తింటే అంటదు, ఒక గిలాసులో తాగితే అంటదు అని గ్రేస్ ఇంటికి వచ్చి మరీ చెప్పింది. ఖాదర్‌బీ అన్నీ విని తలూపింది. ఆ సాయంత్రమే ఒక స్టీలు గిలాసు మీద మేకుతో గీత గీసి కొడుక్కు వేరుగా పెట్టింది. వాడకట్టులో మాత్రం కామెర్లని చెప్పింది.

గుమ్మం ముందు స్కూటీ ఆగింది.

గ్రేస్ ముఖానికి కట్టుకున్న చున్నీ విప్పుకుంటూ లోపలికి చూసింది. సెంటర్‌లో కౌన్సిలర్ ఆమె. సొంతూరు కట్టంగూర్. ఈ ఇంటికి ఆమె ఎప్పుడు వచ్చినా ఖాదర్‌బీ "రా బిడ్డా, కూసో" అనేది. ఈసారి ఎవరూ అనలేదు.

"అమీర్ ఉన్నడా?" అంది. ఎదురుగానే ఉన్నాడు. అయినా అడిగింది.

"ఉన్నడు. ఏం గావాలె?" అన్నాడు కరీం.

గ్రేస్ చెప్పులు విడిచి లోపలికొచ్చి, నిలబడే మాట్లాడింది. "పొద్దున గోలి ఇచ్చినంక గేటు కాడ వీడు నోట్లకెల్లి తీసి రుమాల్ల కట్టుకున్నడంట. వాచ్‌మన్ చూసిండు. నిన్న గూడ చూసిండంట. అమీర్, నువ్వే చెప్పు. చూసింది అబద్ధమైతే నాకంటె ఎక్కువ సంతోషపడేటోళ్లు లేరు."

కరీం జేబులోంచి రుమాలు తీసి ఆమె ముందు పట్టుకున్నాడు. "అబద్ధం గాదు. ఇగో."

గ్రేస్ ముఖం మారిపోయింది. ఆ పిల్లాడి తరఫున ఆమె డాక్టరు దగ్గర ఎన్నిసార్లు మాట్లాడిందో కరీంకు తెలియదు. ఆమెకు తెలుసు.

"ఎవలికి అమ్ముతున్నవ్?" అంది నెమ్మదిగా.

ఆ మాట కరీం కూడా కాసేపటి క్రితం అడిగాడు. కానీ పరాయి నోట్లోంచి వచ్చేసరికి ఆయనకు మండింది.

"మా పిలగాడు అమ్మెటోడు గాదు. మీరే అలవాటు చేస్తున్నరు. సూది ఇడిపిస్తమని చెప్పి గోలి పట్టిచ్చిండ్రు. రోజు పోవాలె, రోజు మింగాలె. ఒక్కనాడు పోకుంటె ఒళ్లు ఇరుసుకపోతాంది. ఇది ఇడుసుడెట్లయితది?"

"చాచా, అది మందు. బీపీ గోలి రోజు ఏసుకుంటలేరా?"

"బీపీ గోలికి వాచ్‌మన్‌ను పెడ్తరా?"

గ్రేస్ దగ్గర దానికి జవాబు లేకపోలేదు. కానీ ఆ జవాబు చెప్తే అది కరీం అనుమానానికే సాక్ష్యం అవుతుంది. అందుకే అమీర్ వైపు తిరిగింది. గోడ గడియారం కొట్టుకుంటోంది. ఆ చప్పుడూ రోజా విప్పే ఇఫ్తార్ ఇంకా చాలా దూరం ఉందనే చెబుతోంది.

"రేపటి నుంచి గోలి బంద్ పెడ్తరు అమీర్" అంది గ్రేస్ చివరికి. "నోట్ల పెట్టుకున్నది బయటికి తీస్తే ఇయ్యొద్దని రూలు. గా గోలిని పొడి చేసి సూదిల ఎక్కిచ్చుకుంటరు. మల్ల అదే సూది, అదే రోగం. నేను చెప్పినా ఇనరు. ఒక్క కారణం జెప్పు నాకు. నిజమైంది."

"రోజా ఉన్న అక్కా" అన్నాడు అమీర్.

అతను నేలను చూస్తూనే చెప్పాడు. "నోట్ల కరిగితే రోజా ఇరుగుతది గద. నర్సమ్మ చూసేదాక పెదవికి పండ్లకు నడుమ వెట్టుకుంటున్న. గుటక మింగకుంట. గేటు కాడ తీసి రుమాల్ల కట్టుకుంటున్న. మగ్రిబ్ అజాన్ అయినంక పెట్టుకుంటున్న. ఇయ్యాల పడుకుందామని ప్యాంటు ఇడ్సిన. అమ్మీ తీసింది."

వంటింటి తలుపు చాటున రిజ్వానా చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"బీమార్ ఉన్నోనికి మాఫీ ఉన్నది బేటా" అంది ఖాదర్‌బీ. "అల్లానే మాఫ్ చేసినంక నీకేం ఫికర్? నాకు చెప్పరాదా?"

"ఏం బీమారీ అని చెప్తరు అమ్మీ? ఈ ఏడు మావోడు ఒక్క రోజా ఇడువలేదని అబ్బా మస్జిద్‌ల చెప్పుకున్నరు. నేను ఎనుక వరుసల, సఫ్‌లనే ఉన్న. ఇన్న. రేపు రోజా ఎందుకు లేవని అడిగితే, గీ బీమారీకి ఏం పేరు పెడ్తరు?"

నిరుడు హైవే దాబాల వెనుక రోజాలన్నీ ఎగ్గొట్టిన పిల్లాడు, ఈ ఏడు ఒక్కటి విరగకూడదని ఇంత పని చేశాడంటే ఎవరి కడుపైనా చల్లబడాలి. కరీంకూ చల్లబడింది, అది నిజం. కానీ ఆయన దాన్ని బయట పడనివ్వలేదు. నాలుగు నెలల క్రితం నవ్వి మోసపోయినవాడు ఈసారి నవ్వదలచుకోలేదు.

"కత మంచిగనే చెప్పిండు" అన్నాడు. "రోజా పేరు జెప్తే మేం ఏమనలేం అని ఎరుకేనాయె."

అమీర్ తల ఎత్తి తండ్రిని చూశాడు. వెనక్కి తిరిగి లోపలికి పోయాడు.

గ్రేస్ అప్పుడు కూర్చుంది, ఎవరూ కూర్చోమనకుండానే. అమీర్ చెప్పింది ఆమె నమ్మింది. పూర్తిగా కాదు, నమ్మడానికి సరిపోయేంత.

"నేను డాక్టర్ సాబ్‌తోని మాట్లాడ్త. ఇంటి పెద్ద ఒకరు పూచీ పడి జిమ్మా తీసుకుంటె గోలి ఇంటికిస్తరు. పెద్దమనిషే వచ్చి తీసుకపోవాలె. అజాన్ అయినంక తన చేతోని పిలగాని నాలుక కింద పెట్టాలె. కరిగిందాక ముంగట కూసోవాలె. పండుగ దాక గట్ల నడిపిద్దం."

"నేను పెడ్త" అంది ఖాదర్‌బీ వెంటనే.

"నీ కండ్లల్ల మన్ను కొట్టుడు వానికి అలవాటే" అన్నాడు కరీం. "నేను తీసుకుంట జిమ్మా."

పైకి అట్లా అన్నా నమ్మే ఒప్పుకున్నాడని ఖాదర్‌బీ అనుకుంది. ఆయన ఒప్పుకున్నది నమ్మకపోవడం వల్ల.

గ్రేస్ చెప్పులేసుకుంటూ గుమ్మంలో ఆగింది. "చాచా, ఒక్క మాట. ఆ గోలి అమీర్‌కే. వాని ఒంటికి అలవాటున్నది గనుక పనిచేస్తది. అలవాటు లేని మనిషి పెట్టుకుంటె మత్తు ఎక్కుతది, ఊపిరి మందమైతది. పానం మీదికొస్తది. ఇంట్ల ఎవ్వరు దాని జోలికి పోవద్దు. ఏమన్న తేడా వస్తె ఏ టైమైనా నాకు ఫోన్ కొట్టుండ్రి. కాని ఇంకోసారి గోలి అటిటు అయిందని తెలిస్తె మాత్రం, అమీర్ పేరు తీసేస్తరు. గప్పుడు నేనేం చేయలేను."

ఇంత మాటలో కరీం చెవిలో పడింది ఒక్కటే. మత్తు ఎక్కుతది.

*

నాలుగైదు దినాలు సాఫీగా నడిచాయి. నడిచాయి అంటే, పైకి.

కరీం పొద్దున సెంటర్‌కు పోయి గోలి తెచ్చి కమీజు జేబులో పెట్టుకునేవాడు. దుకాణంలో సీట్లు కుడుతూ మధ్యమధ్యలో జేబు తడుముకునేవాడు. అజాన్ వినిపించగానే ఇంట్లో అందరూ ఖర్జూరం నోట్లో వేసుకునేవారు. నీళ్లు తాగేవారు. అమీర్ గీత ఉన్న గిలాసుతో తాగేవాడు. అప్పుడు కరీం ముందుకు జరిగి, "నోరు తెరువు" అనేవాడు. గోలి పెట్టి ఎదురుగా కూర్చునేవాడు. కరిగిపోయాక, "నాలుక ఎత్తు" అని సెల్లు లైటు వేసి చూసేవాడు. పశువుల సంతలో పళ్లు చూసే మనిషిలా చూస్తున్నాడని రిజ్వానాకు అనిపించింది. ఒకరోజు పైకే అంది.

"అబ్బా, భయ్యాను గట్ల చూడకుండ్రి."

"నువ్వు సప్పుడు చేయకు."

"ఇంత అనుమానం ఉన్నోళ్లు జిమ్మా ఎందుకు తీసుకున్నరు మరి?"

కరీం పకోడీల పళ్లెం పక్కకు నెట్టి నమాజుకు లేచిపోయాడు.

నిజానికి గోలి పెట్టాక జరిగేదే ఆయన్ను తినేస్తోంది. పొద్దుగూకే వేళకు అమీర్ ఆవులిస్తూ, ముక్కు చీదుకుంటూ, కాళ్లు ఒకచోట నిలపలేక తిరుగుతాడు. గోలి కరిగిన కాసేపటికి భుజాలు దిగుతాయి. రిజ్వానాతో మాట్లాడతాడు. ఒకరోజు నవ్వాడు కూడా. చలికాలం తర్వాత ఆ ఇంట్లో అమీర్ నవ్వు వినిపించడం అదే మొదలు. ఖాదర్‌బీ ఆ నవ్వు విని రొట్టెలు చేసే చెయ్యి ఆపింది. కరీం కూడా విన్నాడు. గోలి పెట్టాకే నవ్వాడు, పెట్టకముందు నవ్వలేదు అని మనసులో గుర్తు పెట్టుకున్నాడు.

ఆ రోజే అడిగాడు. "అది పెట్టుకున్నంక నీకేమనిపిస్తది?"

"ఏమనిపియ్యది."

"ఏమనిపియ్యకపోతే ఎందుకు మరి పెట్టుకునుడు?"

"ఏమనిపియ్యకుంట ఉండనీకే, అబ్బా."

అంతకంటే నిజమైన మాట ఆ పిల్లాడు జన్మలో చెప్పలేదు. కరీంకు మాత్రం అది మాట తప్పించడంలా వినిపించింది.

మరునాడు దుకాణం పక్కన పంక్చర్లు వేసే పరమేష్ ట్యూబు నీళ్లలో ముంచుతూ కదిలించాడు.

"సెంటర్ కాడ నిన్ను చూసిన చాచా. ఎవలికోసం అని నేను అడుగుతలేను."

"అడగకు మరి."

"అడుగుతలేను. గా గోలీలు మాత్రం మంచియి గావంటున్నరు. సర్కారోళ్లే నిషా పంచుతున్నరంట. సూది పోరగాండ్లు ఊరంత తిరిగి దొంగతనాలు చేయకుంట, మత్తుల పడి ఉండాలెనని ఇస్తరంట."

"ఎవలన్నరు?"

"అందరంటున్నరు."

"నువ్వు పెట్టుకున్నవా ఎన్నడన్న?"

"నాకేం కర్మ."

"పెట్టుకున్నోడు ఎవడన్న చెప్పిండా?"

పరమేష్ నవ్వాడు. "పెట్టుకున్నోడు నిజమెందుకు చెప్తడు చాచా?"

కరీం దబ్బనం రెగ్జిన్‌లో గుచ్చి, అలాగే వదిలేశాడు. పెట్టుకున్నవాడు నిజం చెప్పడు. పెట్టుకోనివాడికి తెలియదు. గ్రేసమ్మ వాళ్ల మనిషి. డాక్టరూ వాళ్ల మనిషే. మరి నిజం ఎవరిని అడగాలి?

జేబు తడుముకున్నాడు. గోలి ఉంది.

*

అజాన్ అయింది. ఆ రోజు కరీం ఇంకా రాలేదు.

నేల మీద పరిచిన సుప్రా బట్ట మీద ఖర్జూరాలు, కోసిన తర్బూజ, పకోడీలు. ముగ్గురూ ఖర్జూరంతో రోజా విప్పారు. అమీర్ గీత ఉన్న గిలాసు దించి, గుమ్మం వైపు చూశాడు. ఆవులించాడు. ముక్కు తుడుచుకున్నాడు.

"వస్తరు. ఎవడన్న డ్రైవర్ బేరం తగిలిండొచ్చు" అంది ఖాదర్‌బీ.

"ఫోన్ ఎత్తుతలేరు" అంది రిజ్వానా.

"నిన్న గట్ల అడిగిండ్రు, ఏమనిపిస్తదని" అన్నాడు అమీర్. తనలో తను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు. తర్వాత, "ఇయ్యాల ఇయ్యరేమో నాకు. ఇయ్యకుంటె ఎట్ల అయిత్నో చూద్దమనుకుంటున్నరేమో" అన్నాడు.

ఖాదర్‌బీకి కోపం వచ్చింది. "బాప్ గురించి గట్లనా అనుకునేది?"

"ఆయన నా గురించి అనుకుంటలేరా అమ్మీ?"

అందులో సగం నిజం ఉందని ఆమెకు కాసేపట్లో తెలిసింది.

కరీం వచ్చాడు. బాగా చీకటి పడ్డాక, మోటారు సైకిలు లేకుండా నడిచి వచ్చాడు. గుమ్మం మెట్టు మీద కాలు పెట్టబోయి గోడ పట్టుకున్నాడు. చెమటలు కారుతున్నాయి. లోపలికొచ్చి ఎవరి పలకరింపుకూ బదులివ్వకుండా మంచం మీద కూలబడ్డాడు. వెంటనే వంగి కక్కుకున్నాడు. కడుపులో ఏమీ లేదు, ఒక ఖర్జూరం, ఇన్ని నీళ్లు.

"యా అల్లా, ఎండ దెబ్బ కొట్టింది" అని ఖాదర్‌బీ పరుగెత్తింది. "గీ వయసుల ఇన్ని రోజాలు వద్దంటె ఇనరు. రిజ్జూ, నీళ్లు, నీళ్లు తే."

రిజ్వానా చేతికి అందిన గిలాసు ఇచ్చింది. ఖాదర్‌బీ దాంతోనే భర్త నోరు కడిగించి, రెండు గుక్కలు తాగించింది. తాగించాక గిలాసు మీది గీత ఆమె వేలికి తగిలింది. ఒక్క క్షణం దాన్ని చూసింది. మళ్లీ అదే గిలాసు నింపమని కూతురికి ఇచ్చింది.

అమీర్ కదలలేదు. తండ్రి ముఖాన్నే చూస్తున్నాడు. తర్వాత దగ్గరికొచ్చి, గడ్డం కింద చెయ్యి పెట్టి తండ్రి తల లేపాడు. ఇన్నాళ్లూ తన తలను ఆయన అలాగే లేపేవాడు. సెల్లు లైటు వేసి కళ్లలోకి చూశాడు. నల్లగుడ్డు ఆవగింజంత అయింది.

ఆ కళ్లు అమీర్‌కు తెలుసు. హైవే వెనుక దోస్తుల ముఖాల్లో చూశాడు. అద్దంలో చూసుకున్నాడు.

"అబ్బా, గోలి ఏది?"

కరీం జేబు తడుముకున్నాడు, అలవాటు కొద్దీ.

"జేబుల లేదు. ఏం చేసిండ్రు?"

"అజాన్ అయింది" అన్నాడు కరీం. మాట మందంగా వస్తోంది. "ఖర్జూర తిన్న. అటెనుక నాలుక కింద... పెట్టుకున్న."

ఖాదర్‌బీ భర్త భుజాలు రెండూ పట్టుకుంది. "ఎందుకు?" అంది.

"అందరు ఒక్కో తీరు చెప్తున్నరు. ఎవల్ని నమ్మాలె? దాన్నే అడుగుదమనుకున్న." కళ్లు మూతలు పడుతుంటే బలవంతంగా తెరిచాడు. "నిషా అయితే వీడు అబద్ధం, మందయితే నేను అబద్ధం. మొదలు ఏం కాలే. సంతోషపడ్డ. నిజమే చెప్పిండు పిలగాడు అనుకున్న. అటెనుక కాళ్లు నాయి గావనిపిచ్చింది."

గ్రేస్ గుమ్మంలో నిలబడి చెప్పిన మాట ఖాదర్‌బీకి ఇప్పుడు పూర్తిగా వినిపించింది. అలవాటు లేని మనిషి. ఊపిరి మందమైతది.

అమీర్ తండ్రి వెనుక కూర్చుని, వీపును తన ఛాతీకి ఆనించుకున్నాడు. అతని కాళ్లు ఒకచోట నిలవడం లేదు. భయానికి కొంత, ఈ పూట గోలి పడకపోవడం వల్ల కొంత. "రిజ్జూ, నా ఫోన్ తే. గ్రేసక్కకు కొట్టాలె."

"వద్దు" అన్నాడు కరీం.

ఆయన చెయ్యి గాలిలో వెతికి కొడుకు మణికట్టును పట్టుకుంది. పట్టులో బలం లేదు.

"చెప్పకు బేటా. గోలి అటిటు అయితే... పేరు తీసేస్తరు అన్నది. నీ పేరు. నేనే జిమ్మా ఉండి..." ఊపిరి తీసుకోవడానికి ఆగాడు. ఆ ఆగడం అందరికీ చాలాసేపు అనిపించింది. "జర పండుకుంటె తక్కువైతది నాకు. చెప్పకు."

మొన్నటిదాకా ఆ గోలి కొడుకు నోట్లోంచి పోవాలని కోరుకున్న మనిషి, ఇప్పుడు అది పోకూడదని కొడుకును బతిమాలుతున్నాడు.

రిజ్వానా ఫోన్ తెచ్చింది. ఇవ్వకుండా తల్లి వైపు చూసింది. ఖాదర్‌బీ భర్తను చూసింది, కొడుకును చూసింది. ఒకరికి ఇప్పుడు ఊపిరి. ఒకరికి రేపటి నుంచి మళ్లీ ఆ సూది. ఏ తల్లినీ ఇలాంటి చోట నిలబెట్టకూడదు.

"పండుకోకుండ్రి అబ్బా. నాతోని మాట్లాడుండ్రి." అమీర్ చెల్లెలి చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు. నంబరు నొక్కి, స్పీకర్ పెట్టి మంచం మీద పడేశాడు. రెండు చేతులూ తండ్రిని పట్టుకోవడానికే కావాలి.

"ఆ, అమీర్, చెప్పు" అంది గ్రేస్.

"అక్కా, ఇయ్యాల్టి గోలి నా నోట్ల పడలే."

అవతల ఎక్కడో గిన్నె కింద పెట్టిన చప్పుడు. మళ్లీ గ్రేస్ మాట్లాడినప్పుడు ఆ గొంతులో స్నేహం లేదు. ఆ రోజు రుమాలు చూసినప్పటి గొంతు అది.

"నిజం చెప్పు. ఈసారి ఎవలికిచ్చినవ్?"

అమీర్ జవాబు చెప్పబోయి ఆగాడు. తన ఛాతీకి ఆనిన వీపు పైకి లేచిందా లేదా అని చూస్తున్నాడు.